కంచరగాడిదకి శాలువా

మా మాస్టారు నన్ను "గాడిదా" అని పిలిచేవారు. హాజరు వేసేటప్పుడు కూడా నా దగ్గరికి వచ్చేసరికి పేరు చదవకుండా, కళ్ళజోడు మీంచి ఒకసారి చూసి, "ఉంది" అని తనలో తనే అనుకుని రాసుకునేవారు. ఎనిమిదో తరగతి రెండోసారి తప్పాక, పెద్దాయన మాట పోనివ్వకూడదని బడి మానేసి బరువులు మోసే పనిలో చేరాను.

తెనాలిలో మైకు సెట్లు అద్దెకిచ్చే షాపు అది. ఒక భుజాన హారను, ఇంకో భుజాన బ్యాటరీ పెట్టె. గాడిద కన్నా నాకున్న అదనపు అర్హత ఒక్కటే, మైకులో మాట్లాడతాను. గాడిదకీ గొంతుంది గానీ దాన్ని సభలకి ఎవరూ పిలవరు. నన్ను అన్నిటికీ పిలిచేవాళ్ళు. కొత్త సినిమా వస్తే నేనే, పిల్లాడు తప్పిపోతే నేనే, పొద్దున పెళ్ళి, సాయంత్రం సంతాప సభ. గొంతు ఒకటే, రికార్డులు మార్చేవాళ్ళం. ఒకసారి హడావుడిలో అవీ మార్చలేదు. సంతాప సభకి వచ్చినవాళ్ళు మర్యాదస్తులు, చివరిదాకా కూర్చున్నారు.

సినిమా ప్రచారానికి నేను కట్టించుకునే జట్కా ఒకటుండేది. దాని ఆసామిని బాబాయ్ అనేవాణ్ణి. సొంత బాబాయి కాడు. తెనాలిలో బండి తోలేవాడు మనకన్నా పెద్దవాడైతే బాబాయి, చిన్నవాడైతే తమ్ముడు, బేరం ఆడేటప్పుడు మాత్రం ఎవరికి ఎవరూ ఏమీ కారు. ఆయన భార్యని పిన్నీ అనేవాణ్ణి. ఆవిడ దగ్గర బేరాలు లేవు. ఆవిడ చెప్పింది వినడమే.

ఓ ఎండాకాలం బాబాయి గుర్రం చచ్చిపోయింది. సంతకి వెళ్ళి ఇంకోదాన్ని కొనుక్కొచ్చాడు. ఇంటి ముందు కట్టేస్తుంటే పిన్ని వచ్చి చూసింది.

"ఏవయ్యా, చెవులు చూశావా?"

"చూశా. జాతి గుర్రానికి చెవులు పెద్దవుంటాయన్నాడు."

"తోకో?"

"పట్టాళంలో కత్తిరిస్తారంట."

"పట్టాళంలో అది ఏం చేసేదో అడిగావా?"

"వేలంలో కొన్నాడంట. అది తప్ప ఏం తెలీదన్నాడు. చవగ్గా ఇచ్చాడే."

"చవగ్గా ఇవ్వక! సగం గుర్రాన్నేగా ఇచ్చాడు" అంది పిన్ని.

లెక్క ప్రకారం పిన్ని మాటే కరెక్టు. అది కంచరగాడిద. తల్లి గుర్రం, తండ్రి గాడిద. మా వైపు సంబంధాలు మాట్లాడేటప్పుడు తండ్రి వైపే చూస్తారు కాబట్టి ఊరు మొత్తం దాన్ని గాడిద కిందే జమకట్టింది.

పని మాత్రం గుర్రాలకి నేర్పేలా చేసేది. ఎండకి తలవంచదు, వానకి బెదరదు, బండిలో ఎందరెక్కినా వెనక్కి తిరిగి చూడదు. ఓ దీపావళికి స్టేషను దగ్గర కుర్రాళ్ళెవరో సీమటపాకాయల సరం వెలిగించి జట్కాల మధ్యకి విసిరారు. గుర్రాలన్నీ బళ్ళతో సహా తలో వీధికి పోయాయి. ఒక గుర్రాన్ని మర్నాడు వేమూరు దారిలో పట్టుకున్నారు. మా కంచరం మాత్రం ఒక చెవి అటు తిప్పి, శబ్దం ఎటునుంచి వస్తోందో చూసుకుని, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది. దాని కాళ్ళ దగ్గర పేలిన కాగితాలు ఎగురుతున్నాయి. అది వాటిని పక్కకి ఊది తిన్నది.

స్టేషను దగ్గర జట్కాలకి వంతుండేది. రేపల్లె బండి వచ్చినా, బాపట్ల వైపునుంచి వచ్చే బండి వచ్చినా, వరసలో ముందున్న జట్కాకే ముందొచ్చిన మనిషి. వంతు దాటి మనిషిని పిలిస్తే ఆ రోజుకి ఇంటికే. ఆ వంతులు చూసేది స్టాండు పెద్ద. తెల్ల మీసాలాయన, మాట తక్కువ, ఉమ్మడం ఎక్కువ.

ఓ పెళ్ళివారు జట్కాలు మాట్లాడుకున్నారు. వంతు ప్రకారం పెళ్ళికొడుకు తండ్రి వచ్చి మా బాబాయి బండిలో పడ్డాడు. సగం దూరం వెళ్ళాక చెవులు చూశాడు. విడిదింటి ముందు దిగి, "వియ్యంకుణ్ణి గాడిద బండి ఎక్కిస్తారా?" అని అరుగు మీద కూర్చుంటే, ఆయన్ని లేపడానికి ముహూర్తం దాటిపోయేంత పనైంది. ఆ తరవాత పెళ్ళివాళ్ళు మా స్టాండు మానేసి బస్టాండు దగ్గర జట్కాలు పిలవడం మొదలుపెట్టారు.

స్టాండు పెద్ద బాబాయిని పిలిచాడు. "గుర్రానికి వంతుంది. గాడిదకి లేదు."

"పెద్దాయనా, ఇంట్లో పొయ్యి వెలగొద్దా?"

"నీ ఒక్క పొయ్యి చూస్తే మిగతా పొయ్యిలు ఆరిపోతాయిరా. మర్యాద ఉన్న జంతువుని తోలుకురా. ముందు వంతు నీదే."

అప్పట్నుంచీ బాబాయి బండి స్టేషను గేటు అవతల మురుగ్గుంట పక్కన ఆగేది. అక్కడికి నడిచి వచ్చేంత ఓపికున్నవాడు ఇంటికి కూడా నడిచి పోయేవాడు. ఇంకో జంతువుని కొనే స్తోమత లేదు. కంచరాన్ని కొంటామన్నది ఇటుక బట్టీ వాడొక్కడే. బట్టీలో పడిన జంతువు సంగతి అందరికీ తెలిసిందే. నడుం పడిపోయేదాకా ఇటుకలు, పడిపోయాక ఆ ఇటుకల పక్కనే గొయ్యి. బాబాయి రోజూ దాని వంక చూస్తాడు, ఇంటివంక చూస్తాడు, బట్టీ వాడికి రేపు చెప్తానంటాడు.

"బాబాయ్, పెద్దాయన మర్యాద కావాలన్నాడా?" అన్నాను.

"అన్నాడు. ఎక్కణ్ణించి తెస్తాం?"

మర్యాద ఎక్కడ తయారవుతుందో మైకు సెట్టు వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పందిరి, శాలువా, దండ, కొబ్బరికాయ, సన్మాన పత్రం. పొద్దు గుంకేటప్పుడు మామూలు మనిషిగా వేదికెక్కినవాడు, భోజనాల వేళకి మహనీయుడై దిగుతాడు. ఎక్కించడం దించడం చాలాసార్లు నేను చూశాను. మధ్యలో ఏం మారుతుందో నాకు తెలియదు గానీ, మారుతుంది.

అది బంగ్లాదేశ్ యుద్ధం గెలిచిన శీతాకాలం. ఊళ్ళో అందరూ సైన్యంలో చేసినట్టే నడుస్తున్నారు. మా ఊరి రైసుమిల్లు ఆసామి ఒకాయన అధ్యక్షుడుగా, జవాన్లకి సన్మానం చెయ్యాలని ఓ సంఘం పెట్టారు. వేమూరు నుంచి ఒకరు, కొల్లూరు నుంచి ఒకరు, ఇద్దరు జవాన్లు వస్తామన్నారు. పందిరి వేశారు, శాలువాలు కొన్నారు, పిల్లలకి డాన్సు నేర్పారు. ఇంతలో ఆ ఇద్దరికీ సెలవు రద్దయిందని కబురొచ్చి, రాత్రికి రాత్రి రైలెక్కేశారు.

నేను హారన్లు కట్టడానికి పందిట్లోకి వెళ్ళేసరికి అధ్యక్షులవారు రెండు శాలువాలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఏరా, ఊరంతా తిరుగుతావుగా. యుద్ధంలో చేసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారంట్రా?"

"ఒకరున్నారండి. స్టేషను దగ్గరే ఉంటారు."

"మరి చెప్పవేంరా!"

"చదువుకోలేదండి."

"ఏం ఫరవాలేదు."

"మాట్లాడరండి."

"మరీ మంచిది. పోయినసారి సన్మానం చేసినాయన మాట్లాడుతుంటే జనమంతా వెళ్ళిపోయి, నేనూ పందిరి వేసినవాళ్ళూ మిగిలాం."

"నాలుగు కాళ్ళండి."

ఆయన శాలువా అంచు సరిచేసుకున్నారు. తరవాత తలెత్తి, "మన ఊరి మనిషేనా?" అన్నారు.

సంగతంతా చెప్పాను. ఆయన తీసిపారెయ్యలేదు. చుట్టూ చూసుకున్నారు. పందిరి ఉంది, కుర్చీలు ఉన్నాయి, జనం వస్తారు, సన్మానానికి మనిషి లేడు. "ఏనుగులకి బిరుదులిచ్చిన దేశంరా మనది" అన్నారు చివరికి. "గుర్రాలకి సమాధులు కట్టిన రాజులున్నారు. కానీ అది నిజంగా పట్టాళంలో చేసిందని ఎవరో ఒకరు చెప్పాలి. రేపు ఊళ్ళో గాడిదకి సన్మానం చేశారు అనుకోకూడదు. యుద్ధం చేసిన గాడిదకి చేశారు అనుకోవాలి."

బాపట్లలో ఒకాయన ఉన్నాడని నాకు తెలుసు. సముద్రం ఒడ్డున జాతరకి మైకు కట్టినప్పుడు చూశాను. చేపల వేటవాళ్ళ ఇంట పుట్టి, పడవెక్కాల్సినవాడు పట్టాళంలో చేరాడు. వాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళి మంచుకొండల్లో కంచరగాడిదలు తోలే పని ఇచ్చారు. చైనా యుద్ధం అక్కడే చూశాడు, ఆ తరవాతది కూడా అక్కడే. తిరిగొచ్చి మళ్ళీ వల పట్టుకున్నాడు.

నేను వెళ్ళేసరికి ఇసకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు.

"అన్నా, కంచరగాడిదని చూడ్డానికి తెనాలి రావాలి."

"నేను చూడనివా తమ్ముడూ?"

"దానికి సన్మానం అన్నా."

వల పక్కన పెట్టాడు. "ఎవరు చేస్తున్నారు?"

"రైసుమిల్లు ఆసామి."

"ఆయనకి ఏమన్నా బాగోలేదా?"

బాగానే ఉన్నారని చెప్పి, పందిరి సంగతి, వంతు సంగతి, బట్టీ సంగతి చెప్పాను. బట్టీ అనగానే లేచి తుండుగుడ్డ దులుపుకున్నాడు. ఊరికే రాకూడదని ఎండుచేపల మూట ఒకటి తెచ్చాడు. ఆ రైలుపెట్టెలో మాకు కూర్చోవడానికే కాదు, పడుకోవడానికి కూడా చోటు దొరికింది.

దారిలో అడిగాను, "యుద్ధంలో ధైర్యంగా ఉంటాయా అన్నా అవి? మైకులో చెప్పాలి."

ఆలోచించాడు. "గుండు దగ్గర్లో పడితే మేం నేల మీద పడుకునేవాళ్ళం. బరువు కట్టి ఉంటే అది పడుకోలేదు. అందుకని నిలబడేది. మేం లేచేదాకా నిలబడేది. దాన్ని ధైర్యమంటారో ఏమంటారో మీరే రాసుకోండి."

"పతకాలేమన్నా ఇచ్చేవాళ్ళా?"

"దాణా ఇచ్చేవాళ్ళు."

తెనాలిలో దిగి నేరుగా బాబాయి ఇంటికి తీసుకెళ్ళాను. ఆయన కంచరం మెడ మీద జూలు పైకెత్తి, కింద వాతలేసిన అంకెలు చూశాడు. ముందు కాలు మీద చెయ్యి వేస్తే అది అడక్కుండానే కాలెత్తి ఇచ్చింది. బాబాయి మొహం వెలిగిపోయింది.

"మీదే కదండీ ఇది? మీతో ఉన్నదేగా?"

"నాతో ఉన్నది దీనిలాగే ఉండేది. పక్కవాడితో ఉన్నదీ దీనిలాగే ఉండేది. పట్టాళంలో చేసిందన్నది నిజం, వాతలున్నాయి. కొండల్లో చేసిందో, ఏ కంటోన్మెంటులోనో నీళ్ళ పీపాలు మోసిందో నేను చెప్పలేను. చూడంది చూశానని చెప్పను."

"యుద్ధంలో చేసిందని ఒక్క మాటనండీ. లేకపోతే అది ఇటుకల కిందకి పోద్ది" అన్నాడు బాబాయి. చేతులు పట్టుకోబోయాడు.

బాపట్లాయన కంచరం మూతి నిమిరాడు. "పట్టాళం జంతువు అని మాత్రం చెబుతా. అంతవరకే."

అధ్యక్షులవారికి అంతవరకే చెప్పాడు. ఆయనకి ఆ సాయంత్రానికి అది చాలు.

సన్మాన పత్రాలు రాసే పంతులుగారు ఒకరుండేవారు. ఆయన దగ్గర పత్రం ఒకటే, పేర్లు మారేవి. ఆ పత్రాన్ని నేను హెడ్‌మాస్టర్లకి చదివాను, వైద్యులకి చదివాను, ఓ నాటకాలాయనకి చదివాను. "నిగర్వి, నిరాడంబరులు, మితభాషి, కష్టజీవి, ఏనాడూ పదవులను ఆశించనివారు." ఎన్నో ఏళ్ళుగా చదువుతున్నాను గానీ, వేదిక మీద వాళ్ళని చూస్తే ఏదో ఒక మాట దగ్గర గొంతు తడబడేది. ఆ సాయంత్రం మొదటిసారి, మొదటినుంచి చివరిదాకా ఆగకుండా చదివాను. ఒక్క మాటా అబద్ధం లేదు. శాకాహారి అని నేనే కలిపాను.

బల్లలు పేర్చి కట్టిన వేదిక. మనుషులే దాని మెట్ల మీద తడబడతారు. కంచరం మెట్టు మెట్టూ కొలిచినట్టు ఎక్కి మధ్యలో నిలబడింది. జనం ఈలలు వేశారు. స్టాండు పెద్ద కూడా వచ్చాడు, ముందు వరసలో కూర్చుని మీసం దువ్వుతున్నాడు. దండ తినేస్తుందని నేను షాపులో కుర్రాడితో పందెం వేశాను. తినలేదు. అధ్యక్షులవారు బాబాయి సాయంతో ఎర్ర శాలువా మడత విప్పి దాని వీపు మీద కప్పారు.

కప్పిందే తడవు కంచరం మారిపోయింది. నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టింది. చెవులు వెనక్కి వాల్చింది. కడుపు బిగించి, మెడ ముందుకి చాచి, కదలకుండా నిలబడింది.

జనం చప్పట్లు కొట్టారు. ఫొటో తీశారు. తరవాత డాన్సు. పిల్లలు గజ్జెలు కట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డారు. బాబాయి పగ్గం పట్టి లాగాడు. కదల్లేదు. నోటితో చప్పుడు చేశాడు, బుజ్జగించాడు, ముందు ఉలవలు పెట్టాడు. వాసన కూడా చూడలేదు.

"దించండ్రా" అన్నారు అధ్యక్షులవారు నవ్వు మొహంతో, పళ్ళ మధ్యనుంచి. మైకు ఆయన పక్కనే ఉంది. అందరికీ వినబడింది.

నలుగురు కుర్రాళ్ళు వచ్చి వెనకనుంచి తోశారు. వేదిక కదిలింది గానీ కంచరం కదల్లేదు. జనంలో నవ్వులు మొదలయ్యాయి. స్టాండు పెద్ద నా వంక చూసి, "గాడిద గాడిదేరా" అని ఉమ్మడానికి పక్కకి తిరిగాడు. బాబాయి మొహం చూడలేకపోయాను. బట్టీ వాడు కూడా జనంలోనే ఉన్నాడు, నవ్వుతున్నాడు.

అప్పుడు బాపట్లాయన లేచి వేదిక ఎక్కాడు. వంగి దాని కాళ్ళు చూశాడు, ముందు రెండూ, వెనక రెండూ. లేచి అధ్యక్షులవారి వైపు తిరిగాడు.

"దుప్పటి వేశారు కదండీ. అది బరువు కోసం చూస్తోంది. బరువు వెయ్యందే కదలదు."

మైకు అది కూడా అందరికీ చెప్పింది.

"ఇది కొండ మీద చేసిందే" అన్నాడు నాతో. "ఈ నిలబడ్డం కొండదే."

"ఎవరు నేర్పుతారన్నా ఇలా నిలబడటం?"

"ఎవరూ నేర్పరు. ఏటవాలులో బరువు వేసేటప్పుడు కాళ్ళు ఎడంగా పెట్టకపోతే లోయలోకి పోద్ది. పోకుండా మిగిలినవి ఇలా నిలబడతాయి."

నవ్వులు ఆగిపోయాయి. పందిట్లో చేతికందిన బరువు ఒక్కటే, నా మైకు సెట్టు. ఆంప్లిఫయరు పెట్టెనీ బ్యాటరీనీ ఒక వైపు కట్టాం. రెండో వైపు తూకానికి కొబ్బరికాయల బుట్ట. బాపట్లాయన చేత్తో బుట్టని ఎత్తి చూసుకుంటూ ఒక్కో కాయే వేశాడు. రెండు వైపులా సమానమయ్యాక దాని మెడ మీద తట్టి, హిందీలో ఒక్క మాట అన్నాడు. కంచరం ఊపిరి వదిలి, మెట్లు దిగి, జనం మధ్యనుంచి ఎవరికీ తగలకుండా నడిచి వెళ్ళిపోయింది.

తెనాలిలో కొండ లేదు. ఉన్నవాటిలో ఎత్తయింది కాలవ గట్టు. మేం వెనకాల వెళ్ళేసరికి అది గట్టెక్కి, పైన నిలబడి, దించుకోమన్నట్టు చూస్తోంది. బాపట్లాయన కట్లు విప్పి, తుండుతో దాని వీపు తుడిచి, నన్ను బీడీ అడిగాడు.

పందిట్లో మైకు లేకపోవడంతో అధ్యక్షులవారి ముగింపు ఉపన్యాసం జరగలేదు. సభ దిగ్విజయమైందని ఊళ్ళో అందరూ ఒప్పుకున్నారు.

మర్నాడు స్టాండు పెద్ద తనే వచ్చి, బాబాయి బండిని గేటులోపలికి తెచ్చి, వరసలో మొదట పెట్టాడు. "మిలట్రీకి ముందు వంతు" అన్నాడు. బాబాయి కొత్త లుంగీ కట్టుకుని, బండికి కాగితం పూలు కట్టి, కమ్మీ మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

రేపల్లె బండి వచ్చింది. మూటతో ఓ ముసలమ్మ దిగి నేరుగా మొదటి జట్కా దగ్గరికి వచ్చి, చెవులు చూసి ఆగింది.

"బాబూ, పని చెప్పందే సన్మానం తీసుకోనన్నది ఇదేనా?"

"ఇదేనమ్మా. ఎక్కండి."

"అయ్యో తండ్రీ!" అని మూట కింద పెట్టి, కంచరానికి దణ్ణం పెట్టి, మూట ఎత్తుకుని వెనక జట్కా ఎక్కింది.

తరవాత వచ్చినాయన గుమాస్తా. "యుద్ధంలో ఫిరంగులు మోసినదాని చేత నా పెట్టే బేడా మోయించడం బాగుండదండి" అన్నాడు. ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు సెల్యూట్ చేసి నడిచి వెళ్ళారు. పెద్దాయన మాట ప్రకారం మొదటి వంతు మాకే, వచ్చిన మనిషి మాత్రం రెండో వంతు వాడికే. ఆ వారమంతా అంతే. మేం మర్యాద తయారుచేశాం, పాళ్ళు తెలియలేదు. కాస్త ఎక్కువ పడింది.

జనం ఊరికే పోలేదు. కొల్లూరు లంకల నుంచి వచ్చినవాళ్ళు అరటిపళ్ళు పెట్టారు. కోమటి వీధి నుంచి బెల్లం వచ్చింది. ఉలవలైతే బస్తాల్లో వచ్చాయి. కంచరం నున్నగా అయింది. బాబాయి సన్నబడ్డాడు. పిన్ని ఆ ఉలవలు ఉడకబెట్టి, గుగ్గిళ్ళు దానికి వేసి, ఆ నీళ్ళతో చారు కాచేది. ఆ నెలలో నేను ఎప్పుడు వెళ్ళినా ఆ ఇంట్లో ఉలవచారే.

"దాని పుణ్యమా అని తింటున్నాం" అంది పిన్ని. "పెళ్ళాన్ని పోషించే గాడిదని చూశావా ఎక్కడన్నా? మా ఆయన తెచ్చాడు."

స్టాండు పెద్దని అడిగితే, "వంతు ఇచ్చానురా. జనాన్ని మెడపట్టి ఎక్కించమంటావా?" అని ఉమ్మాడు. నేను మైకు పట్టుకుని వీధి వీధీ తిరిగి, "సదరు జట్కా అందరూ ఎక్కవచ్చును, ఎంతమాత్రం సంకోచించవద్దు" అని చాటాను. చూశారా ఎంత వినయమో అన్నారు. ఆ సాయంత్రం ఇంకో బస్తా ఉలవలొచ్చాయి.

చివరికి, "బాబాయ్, మర్యాద తగ్గించాలి" అన్నాను. "పట్టాళంలో చేసింది గానీ భయపడి పారిపోయి వచ్చిందని ఓ మాట వదులుతా. వారంలో బండి నిండుద్ది."

బాబాయి నన్ను ఒరేయ్ అనడం మామూలే. ఆ రోజు అలా కూడా పిలవలేదు. కమ్మీ మీంచి దిగి, నా ముందుకొచ్చి, "పస్తులుంటాం" అన్నాడు. "దాని మీద ఆ మాట మాత్రం అనకు."

వాళ్ళు రేపల్లె వెళ్ళిపోయింది అందుకే. సామాన్లు బండిలోనే వేసుకుని, వేమూరు మీదుగా పోయారు. శాలువా పిన్ని మడతపెట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టింది. కంచరం మీద మళ్ళీ ఎక్కడన్నా పడిందంటే బండి అక్కడే ఆగిపోతుందని భయం. అటువైపు ఎవరడిగినా, సంతలో కొన్నదనే చెప్పమని బాబాయి నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

వానలు పడ్డాక ఓ సినిమా పనిమీద రేపల్లె వెళ్ళి స్టేషను బయట చూశాను. బాబాయి బండిలో కాలు పెట్టే చోటు లేదు. రైలు దిగినవాళ్ళు పెనుమూడి రేవులో పడవ అందుకోవాలి. అవతల పడవ కదిలిపోతుంటే చెవులెవరు చూస్తారు? చేపల గంపలతో ఒకావిడ, మూటలతో ఇద్దరు, చంటిపిల్లతో ఒకామె, కమ్మీ మీద ఒక కాలు ఆనించి వేలాడుతూ ఒకాయన. ఆ వేలాడేవాడు, "తోలవయ్యా, గాడిదని కట్టుకుని గంటసేపు!" అని అరుస్తున్నాడు.

బాబాయి నన్ను చూసి నవ్వాడు. "విన్నావా? గాడిదన్నాడు. అని ఎక్కాడు."

మధ్యాహ్నం పిన్ని అన్నం పెట్టింది. ఉలవచారు లేదు, చేపల పులుసు. బయట కంచరం చెట్టుకింద నీళ్ళు తాగుతోంది. తింటూ తింటూ నాకు ఓ ఆలోచన వచ్చింది.

"పిన్నీ, ఇక్కడి జనానికి దీని సంగతి తెలియకపోవడం బాలేదు. చిన్న సభ, నలుగురే. మైకు నేను ఉచితంగా పెడతా. నన్ను చూడు, మా మాస్టారు రోజూ గాడిదా అనేవాడు, నాకు సిగ్గుండేది. దీన్ని చూశాక తెలిసింది, ఆయన నన్ను అంతకాలం మెచ్చుకుంటున్నాడని."

పిన్ని పులుసు గిన్నె నా ముందునుంచి తీసి తన వెనక పెట్టుకుంది.

"మీ మాస్టారు గాడిదని ఎప్పుడూ చూసి ఉండడురా. బరువెత్తాక అది నోరు మూసుకుంటుంది."